పుంగనూరు సవతి

వాణికి ఒక సవతి ఉంది. ఆ సవతికి యాభై దాటాయి, నెరిసిన గడ్డం ఉంది, పుంగనూరులో పరుపుల అంగడి ఉంది. పేరు ఘని. మొగుణ్ణి ఎగరేసుకుపోయింది ఆడదైతే జుట్టు పట్టుకుని నాలుగు వీధులూ ఈడ్చి ఉండేది వాణి. గడ్డం పట్టుకుని ఈడ్చడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. అదే ఆమె బాధ.

వాణి భర్త పురుషోత్తం మదనపల్లె టమోటా మార్కెట్లో, నాగేంద్ర మండీలో వేలం పాట పాడతాడు. పొద్దున క్రేట్లు దిగింది మొదలు మధ్యాహ్నం దాకా గొంతు చించుకుని ధర పెంచుతూ పోవడమే ఆయన ఉద్యోగం. ఇంటికి వచ్చేసరికి ఆ గొంతులో ఏమీ మిగిలేది కాదు. "అన్నం పెట్టు", "నీళ్ళియ్యి", "పండుకుంటా". పెళ్ళైనప్పటి నుంచీ వాణి వాటాకు వచ్చిన మాటలు ఇంచుమించు ఇవే. తాగే రోజుల్లో ఇంకొన్ని ఉండేవిగానీ అవి నలుగురిలో చెప్పుకునేవి కావు.

ఇప్పుడు పురుషోత్తం తాగడం లేదు. వాణి సంతోషించలేదని కాదు, సంతోషించింది. అయితే సాయంత్రం, ఒకప్పుడు వైన్‌షాపు వైపు కాళ్ళు లాగే వేళకు, ఆయన మిద్దె మెట్ల మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంటాడు. "అన్నా" అంటాడు. ఇక ఆ తర్వాత గలగలా మాట్లాడతాడు. మండీలో అయిపోయిందనుకున్న గొంతు ఎక్కడి నుంచి వస్తుందో వస్తుంది. మధ్యమధ్య నవ్వుతాడు కూడా. వంటింట్లో వాణి చేతిలో గరిటె ఆగిపోతుంది. మాటలు సరిగ్గా వినబడవు, నవ్వు మాత్రం బాగా వినబడుతుంది.

ఆ నవ్వు ఎవరి కష్టం? వాణి ఎన్ని చేసింది! అయ్యప్ప మాల వేయించింది. మాల ఉన్నన్నాళ్ళూ పురుషోత్తం ముత్యంలాగా ఉన్నాడు. మాల తీసిన రోజు ఇంటికి రాకముందే తాగేశాడు. తాగుడు విరుస్తుందని బెంగుళూరు నుంచి ఎవరో తెప్పించిన పొడి తెలియకుండా సంగట్లో కలిపి పెట్టింది. ఒకరోజు కంచాలు తారుమారై ఆ సంగటి తనే తిని రెండు రోజులు లేవలేకపోయింది. అంగన్‌వాడీలో పిల్లల్ని కథలు చెప్పి కూర్చోబెట్టే నోరు ఆమెది. ఆ నోటితో బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది, కూతురు సంగీత భవిష్యత్తు గురించి గంటలు గంటలు చెప్పింది. చివరికి కుప్పంలో ఒక ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు ఉందని తెలిస్తే, ఆయన్ని బస్సెక్కించుకుని తీసుకెళ్ళి చేర్చిందీ ఆమే. వార్డు బయట ఇనప బెంచీ మీద బన్నులు తిని పడి ఉన్నదీ ఆమే.

ఆ వార్డుకు ఆదివారాలు ఒక సాయిబు వచ్చేవాడు. ఆయనా ఒకప్పుడు అక్కడ పడుకుని లేచినవాడేనట. ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని, ఎదురుగా పద్మావతి టీ కొట్టులో టీ ఇప్పించి, పోతూ పోతూ తన ఫోన్ నంబరు ఇచ్చేవాడు. అంతే ఆయన చేసింది. టీ ఇప్పించాడు, నంబరు ఇచ్చాడు. పేరంతా ఆయనకే పోయింది.

"ఆ సాయిబు పుణ్యమా అని మావాడు మనిసైనాడు" అని అత్త రామక్క కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంది, కోడలు పక్కనే ఉన్నా చెబుతుంది. తిరుపతి హాస్టల్ నుంచి సంగీత ఫోను చేసి, "మా, ఘని పెదనాన్న ఎట్లుండాడు?" అని అడిగింది ఒకసారి. పెదనాన్నంట! వాణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

అసలు ఆ సాయిబు ఏం మంత్రం వేస్తున్నాడో తెలుసుకోవాలని ఒక సాయంత్రం బట్టలు తీసే నెపంతో మిద్దె ఎక్కి, మెట్ల వెనక నిలబడింది. పురుషోత్తం స్పీకరు పెట్టుకుని, ఆ రోజు మండీలో మందు వాసన ఎట్లా గుప్పుమందో, నాలుక ఎట్లా పీకిందో చెబుతున్నాడు. అవతల నుంచి "ఊఁ" అని వినబడింది. మళ్ళీ ఈయన చెప్పాడు. మళ్ళీ "ఊఁ". వాణి బట్టలన్నీ తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెట్టింది. ఆ పెద్దమనిషి నోటి నుంచి ఊకొట్టడం తప్ప ఒక్క నీతి రాలేదు, ఒక్క సలహా రాలేదు. చివర్లో మాత్రం, "సరేప్పా. ఈ పొద్దుకి అయిపాయ గదా. రేపటిది రేపు సూసుకుందాం" అన్నాడు.

ఇంతేనా! నేను పగలూ రాత్రీ చెప్పిన మాటలన్నీ గంగలో పోసి, ఆ సాయిబు ఊకొడితే మానేశాడా? వాణికి ఏడుపొచ్చింది.

ఆ వారమే ఆమె కాణిపాకం ప్రయాణం పెట్టింది. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి తప్పడానికి చిత్తూరు వైపు ఎంత తెగించినవాడైనా జంకుతాడు. పంచాయతీలో తేలని తగువులు ఆయన ముందు తేలతాయి. తాగుడు మానతామని ప్రమాణం చేయడానికి వచ్చేవాళ్ళూ ఉంటారు. పురుషోత్తం విని, తలకాయ గోక్కుని, "ఒట్లు వద్దన్నాడే ఘన్యన్న" అన్నాడు మెల్లగా. "ఒట్టు పెట్టుకుంటే అది యాడ తెగుతుందో అని అదే భయమంట. ఈ పొద్దుకి వద్దు అనుకుంటే సాలంట."

ఆయన ఆ మాట అనకపోతే వాణి ఆగి ఉండేదేమో. అన్నాక ఇక ఆగే ప్రశ్నే లేదు. "నీకు దేవుడు ఎక్కువనా, పరుపుల సాయిబు ఎక్కువనా?" అంది. దానికి ఎవరైనా ఏం జవాబు చెబుతారు? పురుషోత్తం వచ్చాడు.

కోనేట్లో మునిగి, తడిబట్టలతో నిలబడి, ఇకమీదట మందు ముట్టనని ఆయన స్వామికి చెప్పుకున్నాడు. అక్కడితో సరిపోయేది. కానీ వాణికి సరిపోలేదు. ఇదంతా రేపు స్వామి పుణ్యమంటారు, ఎల్లుండి మళ్ళీ సాయిబు పుణ్యమంటారు. ఇందులో తన పేరెక్కడుంది? భర్త చెయ్యి పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుంది. "నా మీద కూడా సెప్పు. తాగితే నేను సచ్చినంత ఒట్టని సెప్పు."

పురుషోత్తం చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. "అదంతా యాల వాణీ" అన్నాడు.

"సెప్పు."

చెప్పాడు. తిరుగు బస్సులో వాణి కిటికీ పక్కన కూర్చుని మొదటిసారి ప్రశాంతంగా నిద్రపోయింది.

మరునాడు ఘనికి తనే ఫోను చేసింది. "అన్నా, మా ఆయన స్వామి ముందర ప్రమాణం సేసినాడు. ఇంక నీకెందుకు శ్రమ? మీరు ఫోన్లు సేసుకోకపోయినా పరవాలేదు."

"ప్రమాణం సేసినాడా" అన్నాడు ఘని. "సరేమ్మా. నేనుగా సెయ్యను. ఆయన సేస్తే మాత్రం ఎత్తకుండా ఉండలేను."

ఆయన చేయకుండా చూసుకోవడం వాణికి పెద్ద పని కాదు. "ప్రమాణం సేసినాక కూడా మనిషి సాయం అడిగితే, స్వామి మీద నమ్మకం లేనట్టే గదా" అంది సాయంత్రం కాఫీ ఇస్తూ. పురుషోత్తం ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన సాయంత్రాలు మెట్ల మీద కూర్చునేవాడు. ఫోను చేతిలో పెట్టుకుని దానికేసి చూసేవాడు. వాణి వెళ్ళి పక్కన కూర్చునేది. "సెప్పు, ఏం జరిగింది మండీలో?" అనేది. ఆయన నోరు తెరిచేలోపే, "ఆ నాగేంద్రతో తిరగొద్దని సెప్పినానా లేదా?" అని అందుకునేది. పురుషోత్తం లేచి లోపలికి పోయేవాడు. పోతే పోయాడు, ఆ నవ్వు లేదు కదా అని వాణి సంతోషపడింది. తను గెలిచింది. మిద్దె మెట్లు ఇప్పుడు తనవి.

టమోటా ధర ఒక్కసారిగా ఎగబాకిన వారంలో పెద్దతిప్పసముద్రం రైతు ఒకాయన సంబరం పట్టలేక మండీలో అందరికీ విందు ఇచ్చాడు. కోడికూర, మందు. ఆ రాత్రి పురుషోత్తం ఇంటికి రాలేదు. ఫోను స్విచాఫ్. తెల్లవారగానే వాణి మండీకి పరుగెత్తితే నాగేంద్ర తల వంచుకుని చెప్పాడు.

"ఒక్క గలాసేమ్మా. వద్దు వద్దంటానే ఉన్న్యాడు, ఆ రైతు సేతిలో పెట్టేసినాడు. తాగినాక గలాసు కింద పెట్టి, 'వాణీ' అని తల కొట్టుకున్న్యాడు. మాకేం అర్థం కాలా. లేసి బస్టాండు పక్కకి పొయ్యినాడు."

వాణి చెయ్యి దానంతటదే తన నెత్తిమీదికి పోయింది. తాగితే నేను చచ్చినంత ఒట్టు. రోడ్డు దాటేటప్పుడు అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసి దాటింది. అయితే బస్టాండు చేరేలోగా భయాన్ని పక్కకు నెట్టి కోపం ముందుకొచ్చింది. మొగుడు ఎక్కడికి పోయి ఉంటాడో తెలియనంత వెర్రిదా తను? సవతి ఇంటికే. ఏడవడానికి కూడా ఆ గడ్డమే కావాలి ఆయనకు. పుంగనూరు బస్సు ఎక్కి, డ్రైవరు వెనకా కాకుండా తలుపు దగ్గరా కాకుండా సరిగ్గా నడుమ సీటు చూసుకుని కూర్చుంది.

పరుపుల అంగడి ఒక సందులో ఉంది. గాలిలో దూది తేలుతోంది. ఒక బొద్దుగా ఉన్న ఆవిడ సగం కుట్టిన పరుపు మీద కూర్చుని పొడుగాటి సూదితో కుడుతోంది.

"ఘన్యన్న యాడమ్మా?"

"మసీదుకు పొయ్యినాడు, వస్తాడు. నువ్వెవరు తల్లీ?"

"మదనపల్లె. పురుషోత్తం పెండ్లాన్ని."

సూది ఆగింది. ఆవిడ వాణిని పాదాల నుంచి తల దాకా చూసింది. ఆ చూపు వాణికి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఘని పేరు వినబడినప్పుడల్లా తన కళ్ళల్లోకి వచ్చిన చూపే అది.

"నువ్వేనా" అంది ఆవిడ. "నేను బద్రున్నీసా. మీ ఆయన నాకు సవతమ్మా."

"సవతా?" అంది వాణి.

"అవును. సందకాడ నమాజు సేసి వచ్చి రొట్టె ముందర కూసుంటాడు. తుంచే లోపల ఫోను. రొట్టె సల్లారిపోతుంది, కూర సల్లారిపోతుంది, నేను సల్లారిపోతా. నేనేమన్నా సెప్తే 'ఆఁ, సూద్దాం' అంటాడు. మీ ఆయన సెప్తే సెవి పెట్టుకొని వింటాడు. ఈయన తాగే కాలంలో నేను దర్గాలన్నీ తిరిగినా తల్లీ, తాయెత్తులు కట్టినా, వాళ్ళ అన్నదమ్ముల కాళ్ళు పట్టుకున్నా. కుప్పంలో ఎవరో రిటైరైన ముసలాయన పక్కన కూసోని ఊకొట్టినాడంట, మానేసినాడు. నా తాయెత్తులకు ఇజ్జతే లేదు."

వాణి పరుపు అంచు మీద కూలబడింది. తన కడుపులో ఉన్నదంతా ఎవరో బయటపెట్టి ఆరేసినట్టుంది. "మా ఆయన యాడక్కా?" అంది.

"ఈడికి రాలేదే."

"రాలేదా?"

"రాలేదు. నువ్వు ఫోన్లు ఆపించినావు గదా. ఆపించినాక నాకు సుఖమనుకుంటివా? ఈ మనిషి ఆ ఫోను పక్కన పెట్టుకొని, ఎప్పుడు మోగుతుందా అని దానికల్లే సూస్తా కూసున్న్యాడు. అప్పుడు ఇంకా మండింది నాకు."

ఘని వచ్చాడు. వాణికి గుర్తున్నంత పొడుగు లేడు. గడ్డంలో దూది చిక్కుకుని ఉంది. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు, ఊకొడుతూ. కాణిపాకం, నెత్తిమీద చెయ్యి, విందు, ఒక్క గ్లాసు. ఒక్క ముక్క దెప్పిపొడవలేదు. దెప్పిపొడిస్తే బాగుండునని వాణికి అనిపించింది, తిరిగి నాలుగు అనేది.

"ఒక గలాసే అయింటే నాకు ఫోను సేసుంటాడు" అన్నాడు ఘని చివరికి. "సేయలేదంటే భయం మందుకు కాదు, ఒట్టుకు."

పురుషోత్తం నంబరు మోగలేదు. ఘని కాసేపు ఆలోచించి కుప్పంలో పద్మావతికి చేశాడు. ఆ టీ కొట్టావిడ గొంతు స్పీకర్లో ఖంగుమంది. "ఉండాడన్నా, మీ మదనపల్లె ఆయన ఈడే ఉండాడు. కొట్టు తెరిసినప్పటి నుంచీ బెంచీ మీదే. ఎదురుగా వార్డు లోపలికీ పోడు, ఇంటికీ పోడు. ఉండు, ఇస్తాండాను."

గరగరమని చప్పుడు. ఆ తర్వాత ఆ గొంతు. మార్కెట్టంతా దద్దరిల్లే గొంతు పిల్లి కూతలా వచ్చింది. "అన్నా."

"ఊఁ" అన్నాడు ఘని.

"తప్పు సేసినానన్నా. దాని నెత్తిన సెయ్యి పెట్టి సెప్పినా. ఇంటికి పోతే నా కండ్ల ముందరే దానికేమన్నా అవుతుందని భయమన్నా. దూరంగా ఉంటే దానికి తగలదేమో అని ఇంత దూరం వచ్చేసినా."

"ఊఁ."

"ఫోను కూడా ఆపేసినాను. ఎవరైనా సేసి, అది లేదని సెప్తారేమోనని. అది లేకపోతే నాకు మండీ యాల, ఇల్లు యాల అన్నా? కుప్పానికి నన్ను తీసుకొచ్చింది అదే. ఈ ఎదురుగా బెంచీ మీదే బన్ను తిని పడుకునింది. అన్నీ కనపడతాండాయి నాకు ఈణ్ణించి."

వాణి గుండె నిండిపోయింది. కానీ ఇన్నేళ్ళ కాపురంలో ఇందులో ఒక్క మాట, ఒకే ఒక్క మాట తన ముందు అనలేదు. బన్ను సంగతి ఆయన చూశాడనే తనకు తెలియదు. అవన్నీ దాచి దాచి తెచ్చి ఈ దూది గడ్డానికి పోశాడు! ఆమె లేచి ఘని చేతిలోంచి ఫోను లాక్కుంది.

చెప్పవలసినవన్నీ నాలుక చివర వరస కట్టాయి. నాగేంద్రతో తిరగొద్దన్నానా లేదా, ఆ రైతు పెడితే తాగేయడమేనా, ఇంటికి రాకుండా ఊళ్ళు పట్టుకుని తిరుగుతావా. బద్రున్నీసా సూది పట్టుకుని చూస్తోంది. ఘని చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు. వాణి నోరు తెరిచింది. మూసింది.

"ఊఁ" అంది.

"వాణీ?"

"ఊఁ."

"నీకేం గాలేదు గదా?"

"ఏం గాలా. నడిసినా, రోడ్డు దాటినా, బస్సెక్కినా. ఇప్పుడు పుంగనూరులో పరుపుల అంగట్లో ఉండాను. ఈడ ఇంత పొడుగు సూది ఉండాది, అది కూడా గుచ్చుకోలా."

ఆయన ఏడవడం వినబడింది. తాగినప్పటి ఏడుపు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. ఆపమని చెప్పబోయి ఆగిపోయింది. ఆయన తగ్గేదాకా ఉండి అప్పుడు అంది, "ఇదిగో సూడు. నా మీద ఒట్టు స్వామి అడగలా. నేను అడిగినా. నేనే తీసి గట్టున పెట్టేస్తాండా. స్వామి సంగతి ఇద్దరం పోయి తప్పైందని దండం పెట్టుకుందాం. నాకేం గాదు. నువ్వు భయపడాల్సింది నా కోసరం కాదు."

"ఊఁ" అన్నాడు ఈసారి పురుషోత్తం. ముక్కు ఎగబీల్చాడు. "మళ్ళీ లోపలికి పోవాలంటే సిగ్గుగా ఉండాది వాణీ. నర్సులందరికీ నేను తెలుసు. నిన్నటి నుంచీ నాలిక పీకతానే ఉండాది. ఈ టీ కొట్టు పక్క సందులోనే వైన్‌షాపు."

"ఊఁ."

"నువ్వేమీ అనుకోవద్దు." ఆయన తటపటాయించాడు. "ఒకసారి అన్నకియ్యి."

పుండు మీద కారం చల్లినట్టయింది. ఇంత చేసి, ఇంత దూరం వచ్చి, తిట్లన్నీ మింగి ఊకొడితే, చివరికి అన్నకియ్యి! ఫోను చుట్టూ ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. ఇవ్వనంటే? నేనే వస్తా, నాకే చెప్పు అంటే? ఆయన సరేనంటాడు, తనకు తెలుసు. కాణిపాకంలో కూడా సరేనన్నాడు. సరేనని, ఫోను పెట్టేసి, ఆ బెంచీ మీద ఒక్కడే కూర్చుంటాడు, పక్క సందు చూసుకుంటూ.

"ఇస్తాండా" అంది వాణి. ఒళ్ళంతా మండుతుండగానే ఇచ్చింది.

ఘని ఫోను చెవికి పెట్టుకుని సందులోకి నడిచాడు. కాసేపటికి గుమ్మంలోంచి తల పెట్టి, "లోపలికి పోతానంటాండాడమ్మా. మనం వచ్చిందాక పద్మావతమ్మ తోడుంటాదంట. కుప్పం బస్సుకు ఇద్దరం పోదాం" అని చెప్పి మళ్ళీ బయటికి పోయాడు. ఆ తర్వాత ఆయన మాటలేవీ వినబడలేదు. ఊకొట్టడమే వినబడింది. ఒకసారి మాత్రం చిన్నగా నవ్వాడు. అవతల ఆయనా నవ్వి ఉంటాడు.

వాణి గుమ్మంకేసే చూస్తూ నిలబడింది.

బద్రున్నీసా పరుపు మీద పక్కకు జరిగి చోటిచ్చింది. "కూసో తల్లీ" అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "వాళ్ళది ఇప్పుడప్పుడే అయ్యేది కాదు. ఆ కొస పట్టుకో, ఇది కుట్టేస్తాను."

వాణి కూర్చుని ఆ కొస పట్టుకుంది.